ఇద్దరు సెమిసీలు

"నేనిక్కడ నించునుంటే లేనంటావేంటమ్మాయ్?" అంటూ తూర్పు క్లబ్బు సెమిసి బల్ల గుద్దాడు.

నుకుఅలోఫా పట్నంలో తూర్పు, పడమర రగ్బీ క్లబ్బులు కలిసిపోయాయి. రెండింటిలోనూ ఒక్కో సెమిసి ఉన్నాడు. కొత్త వెబ్‌సైటులో సెమిసి పేరు కింద పడమటి సెమిసి ఫొటో నవ్వుతోంది, ముందుపన్ను లేకుండా. ఆ పన్ను పోయినేడు ఆటలో ఊడగొట్టింది ఈ తూర్పు సెమిసే.

"రెండు జట్ల జాబితాలనీ కలిపాను బాబాయ్," అంది వెబ్‌సైటు కట్టిన లవీనియా. "ఒకే పేరు ఇద్దరికుంటే, వెనకొచ్చినవాడు ముందువాణ్ణి చెరిపేస్తాడు."

"అయితే నన్నే వెనక పెట్టు!"

పెట్టింది. గుమ్మంలో చేమదుంప తింటూ తెరకేసి చూస్తున్న పడమటి సెమిసి గావుకేక పెట్టాడు. "ఒరేయ్, ఇప్పుడు నేను పోయాన్రా!"

"అసలు మా ఇద్దరికీ తేడా ఏంటో ఆ కంప్యూటర్నే అడుగు తల్లీ," అన్నాడు తూర్పు సెమిసి.

లవీనియా ఇద్దరినీ పేరుతో పోల్చి, తేడాలుంటే చూపించమంది. తెర బోసిగా ఉండిపోయింది.

"ఏమంటోంది?"

"తేడా ఏమీ లేదంటోంది."

తూర్పు సెమిసి చెయ్యి దానంతటదే తన ముందుపన్ను మీదికి వెళ్ళింది.

"అయితే ఆ రోజు నేను ఊడగొట్టుకున్నది నా పన్నేనట్రా?"

పడమటి సెమిసి నవ్వలేదు. దుంప సగానికి విరిచి అందించాడు.

"కొరకరా. మన ముందుపన్ను నీ నోట్లోనే ఉందిగా."