ఖాళీ గళ్లు

రాడ్డు రెండోసారి దిగేసరికి వాచ్‌మన్ పళ్లు రెండు ఊడి నేలమీద పడ్డాయి.

"నాకేం తెలీదు బాబూ! గేటు తియ్యడం, గేటు వెయ్యడం... అంతకుమించి ఏ పాపం ఎరగను!"

"ఎరగకపోతే కంప్యూటర్ నీ పేరెందుకు చెప్పిందిరా?" అంటూ అన్న మళ్లీ రాడ్డు ఎత్తాడు.

ఆ లారీ షెడ్డులో ఆయన్ని అందరూ అన్న అనే పిలుస్తారు. దొంగ సరుకు దాటించడంలో ఆయన్ని మించినవాడు లేడు. అలాంటిది కొంతకాలంగా సరుకు దించిన చోటికల్లా పోలీసులు పిలిచినట్టు వచ్చి వాలిపోతున్నారు. పెట్టుబడి పెట్టినవాళ్లు ఊరుకుంటారా? పొద్దున్నే కబురు పెట్టారు. చీకటి పడేలోగా ఉప్పందించినవాడి పేరు చెప్పాలి. లేదంటే అన్న తలే పోతుంది. అన్నంత పనీ చేసే రకం వాళ్లు.

అందుకే లెక్కలాయన్ని కూర్చోబెట్టాడు. షీటులో ఒక్కో లోడుకు ఒక్కో వరస. మొదటి గడిలో పోలీసులు దాడి చేసిన చోటు. పక్క గళ్లలో, ఆ లోడు ఎక్కడ దిగుతుందని అన్న తనవాళ్లలో ఎవరికి ఏ చోటు చెప్పాడో అది. చెప్పనివాడి గడి ఖాళీ. చెప్పిన చోటూ దాడి జరిగిన చోటూ ఎవరి విషయంలో ఎక్కువసార్లు కలిస్తే ఆ పేరు పైకొస్తుంది.

"అన్నా, ఆగండి!" లెక్కలాయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. "తప్పు నాదే. దాడి జరగని రోజు మొదటి గడి ఖాళీగా ఉంటుంది. వాచ్‌మన్‌కి మనం ఏనాడూ ఏ చోటూ చెప్పలేదు, కాబట్టి అతని గళ్లన్నీ ఖాళీయే. ఖాళీకి ఖాళీ సరిపోయిందని ఈ మొద్దు యంత్రం లెక్కేసింది."

"అంటే, ఏమీ తెలియనివాణ్ణి పట్టుకుని అన్నీ తెలిసినవాడని తేల్చిందా?"

"అదేనన్నా."

అన్నకు నవ్వొచ్చింది. "పోయి నోరు కడుక్కో" అని వాచ్‌మన్ మీదికి తువ్వాలు విసిరాడు. పాపం, ముసలాయన పళ్లు ఏరుకుని మరీ వెళ్లాడు.

మొదటి గడి గానీ, మనవాళ్ల గళ్లన్నీ గానీ ఖాళీగా ఉన్న వరసలు పక్కనపెట్టి మళ్లీ లెక్కపెడితే బావమరిది పేరు పైకొచ్చింది.

అన్న భార్యకున్న ఒక్కగానొక్క తమ్ముడు. మూతిమీద మీసం రాకముందు నుంచీ తన ఇంట్లో తిని పెరిగినవాడు. కానీ పొద్దు వాలిపోతోంది. పేరు కావాలి.

బావమరిదిని లారీ వెనక చక్రానికి గొలుసుతో కట్టేశారు. రాడ్డు ఇంకొకరి చేతికివ్వలేదు అన్న. మోకాలిచిప్ప పగిలిన చప్పుడుకి షెడ్డులో అందరూ తలలు తిప్పుకున్నారు.

"బావా! దగ్గరుండి దింపించేవాణ్ణి, నాకు చోటు చెప్పక ఎవరికి చెబుతావు? అందరికంటే నావే ఎక్కువసార్లు కలవక చస్తాయా?"

"నోర్ముయ్!" అన్న ఏడుస్తూనే కొట్టాడు. ఈసారి మోచెయ్యి విరిగింది.

లెక్కలాయన ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఇతను కాడు! ఖాళీలని వదిలేసిన వరసలు ఒకసారి చూడండి. ఇవిగో, ఇక్కడ దాడి జరిగింది. కానీ మనవాళ్లందరి గళ్లూ ఖాళీయే! మీరే కూలీల కళ్లకు కూడా గంతలు కట్టి తీసుకెళ్లిన లోడ్లివి. ఎవడో లారీల కింద జాడ చెప్పే మిషన్ పెట్టుంటాడు. మనలో దొంగే లేడన్నా!"

బావమరిది రక్తం కారుతున్న మొహంతోనే నవ్వాడు. "చెప్పానా బావా..."

అన్న తెరమీద వేలు పెట్టాడు. "ఆ వరసలు తీసెయ్" అన్నాడు.

"అయ్యో, తీసేస్తే ఇతని ప్రాణం..."

"మిషను, గిషను అంటే వాళ్లు నమ్మి చావరు. వాళ్లకు మనిషి కావాలి. తీసెయ్!"

లెక్కలాయన వేళ్లు కదల్లేదు. రాడ్డు భుజమ్మీద పడ్డాక కదిలాయి. వరసలు మాయమయ్యాయి.

"అక్కకేం చెబుతావు బావా?"

అన్న అతని నడినెత్తిన ఒక్క దెబ్బ వేశాడు. బావమరిది తల ఛాతీమీదికి వాలిపోయింది. గొలుసు ఇంకాసేపు గలగలలాడి ఆగింది.

కాసేపటికి పెట్టుబడిదారుల మనుషులొచ్చారు. షీటు చూశారు, శవాన్ని చూశారు. సొంత బావమరిదినే వదలని మనిషని అన్న భుజం తట్టి వెళ్లిపోయారు. అన్న లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కుళాయి కింద మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వెక్కిళ్లు తగ్గాక ఫోను అందుకున్నాడు.

"ఇనస్పెక్టరు గారూ, మీకు దణ్ణం పెడతాను, ఇకమీదట మావాళ్లలో ఒక్కడికైనా తెలిసిన చోటికే రండి గానీ, నేను మీకొక్కరికే చెప్పిన చోటికి వచ్చి నా కొంప ముంచకండి."