తమ్ముడంత కొలత

కోటుకి పట్టీ సగం కుట్టి ఉండగా గుమ్మంలో వెలుతురు తగ్గింది.

టైలరక్క తల ఎత్తి చూసింది.

ఎవరో మనిషి. యాభై ఏళ్ళుంటాయి. లోపలికి రాడు, అలాగని పోడు.

"రేడియం కోటు కావాలమ్మా. ఒక్కటే."

"ఈ కొట్టు సంగతి ఎవరు చెప్పారు?"

"మీ బండి వెనక పెట్టె మీద రాసుంది కదమ్మా. చదువుకుని వచ్చాను."

"కోటు ఎవరికండీ?"

"ఒక కుర్రాడికి."

"కుర్రాణ్ణి తీసుకురండి మరి. కొలతలు గాల్లోంచి తీసుకుంటానా?"

ఆ మనిషి వీధిలోకి చూశాడు. అక్కడ అక్క తమ్ముడు మోటార్‌సైకిలు తుడుచుకుంటున్నాడు. నల్ల బండి, నల్ల చొక్కా, నల్ల హెల్మెట్.

"అచ్చం అంతే ఉంటాడు. భుజాలు పద్దెనిమిది పెట్టండి."

అక్క వేలు సూది కిందికి పోబోయి తప్పింది.

తమ్ముడి భుజాలు సరిగ్గా పద్దెనిమిది అంగుళాలే.

"రేపు రండి," అంది గాభరాగా. ఏ టైలరైనా ముందు అనే మాట అదే. ఆ రేపటికి తేదీ ఉండదని లోకమంతటికీ తెలుసు.

రోడ్డు పనివాళ్ళకి, చీకట్లో దీపం పడితే మెరిసే రేడియం కోట్లు కుట్టడం ఆమె వృత్తి. తెల్లారగానే వాటిని పెట్టెలో సర్దుకుని పనిస్థలంలో ఇచ్చి రావడం తమ్ముడి డ్యూటీ. పెట్టె నిండా మెరిసే కోట్లే, మోసుకెళ్ళేవాడి ఒంటి మీద మాత్రం ఒక్క పట్టీ ఉండదు.

పై నెల నుంచి బండి నడిపే ప్రతివాడూ ఆ కోటు వేసుకోవాలని రూలు రాబోతోంది. వద్దని ఊరేగింపులు చేసేవాళ్ళలో ముందు నడిచేది ఈ తమ్ముడుగారే!

"బండి నాది, ఒళ్ళు నాది. ఏ రంగు వేసుకోవాలో చెప్పడానికి వాళ్ళెవరు?"

"వేసుకుంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"పంచరంగుల చిలకలా ఉంటానే అక్కా. అందరూ నవ్వుతారు."

తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. చంకనేసుకుని పెంచింది. వాణ్ణి గట్టిగా ఒక్క మాట అనాలంటే ఆమెకి నోరు రాదు. వచ్చిన చిక్కల్లా అదే.

మర్నాడు పొగమంచులోంచి ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

"అయిందా అమ్మా?"

"రేపు."

మూడోనాడూ అంతే. ఈసారి వెంటనే వెళ్ళలేదు. ఎదురుగా గోడకి ఆనుకుని తమ్ముడి వంకే చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వినబడదు.

కాఫీకొట్టు పిన్ని కిటికీలోంచి తొంగిచూసింది.

"ఎవరే ఆయన? మీవాణ్ణి అలా గుడ్లప్పగించి చూస్తున్నాడు?"

"ఏమో పిన్నీ. సరిగ్గా వాడి కొలతకే కోటు కుట్టమంటాడు."

"అమ్మో! చూపుతోనే కొలత తీసేవాడు టైలరైనా కావాలి, శవపేటికలు చేసేవాడైనా కావాలి."

"శుభం పలకవే పిన్నీ!"

నవ్వింది గానీ అక్కకి ఆ రోజు అన్నం సయించలేదు. ఆ కోటుకి గుడ్డ కత్తిరించడానికి చెయ్యి రాలేదు. కుట్టి ఇస్తే తమ్ముడికి ఏదో అవుతుందని భయం పట్టుకుంది.

నాలుగోనాడు ఆ మనిషి నేరుగా లోపలికే వచ్చాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఇవాళైనా ఇవ్వమ్మా. రేపు మంచు ఇంకా దట్టంగా ఉంటుందంటున్నారు."

"అసలు మీరెవరు?"

"ఆరుంబావుకి గోదాము మలుపు దగ్గరికి వస్తాడు. ఎడమ పక్కకి వంగి తిప్పుతాడు. హారను కొట్టడు." "కళ్ళు మూస్తే వాడే కనబడుతున్నాడమ్మా."

అక్క చేతికందిన కత్తెర పట్టుకుని లేచింది.

"మా తమ్ముడి జోలికొస్తే ఊరుకోను! ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే పోలీసులకి పట్టిస్తాను!"

"తల్లీ, ఒక్క మాట విను..."

అతన్ని బయటికి నెట్టి షట్టరు దించేసింది.

షట్టరు కింది సందులోంచి అతని పాదాలు చాలాసేపు కనబడ్డాయి. తరవాత చూస్తే లేవు. వెళ్ళిన చప్పుడు మాత్రం ఆమెకి వినబడనే లేదు.

మర్నాడు ఎదుటి గోడ కూడా కనబడనంత మంచు. తమ్ముడు బండి తీస్తుంటే అక్క పరుగున వచ్చింది.

"ఒరేయ్, గోదాము మలుపులో ఎవరు పిలిచినా ఆగకు. పక్కకి కూడా చూడకు. గబగబా దాటెయ్."

"ఏమైందే నీకు?"

"నా మీద ఒట్టు!"

"సరేలే తల్లీ," అని నవ్వుతూ వెళ్ళాడు.

ఏడు కాకముందే ఫోను మోగింది.

ఆమె ఆసుపత్రికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలియదు. తమ్ముడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మోకాలికి కట్టు, అంతే. వాణ్ణి పట్టుకుని బావురుమంది.

"నాకేం కాలేదే. పాల వ్యాను ఎదురొచ్చింది. రోజూ ఆ మలుపులోనే ఎదురొస్తుంది. దీపాల వెలుగులో మొహం కనబడదు గానీ, డ్రైవరు హారను కొట్టి ఏదో అరుస్తుంటాడు. నేనెప్పుడూ ఆగలేదు. ఇవాళ నువ్వు చెప్పావని ఇంకా స్పీడుగా పోయాను."

"అయితే?"

"చివరి నిమిషంలో నన్ను చూసి స్టీరింగు తిప్పేశాడు. వ్యాను గోడకి గుద్దుకుంది."

"ఆయనకెలా ఉంది?"

తమ్ముడు తల దించుకున్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని నర్సు దగ్గరికి వెళ్ళింది.

"ఆ డ్రైవరుని ఒకసారి చూస్తానమ్మా."

"మీరు బంధువులా?"

"కాదు. నా బిడ్డని బతికించిన మహానుభావుడు. కాళ్ళకి దండం పెట్టుకుని పోతాను."

నర్సు ఆమెని చివరి గదిలోకి తీసుకెళ్ళింది.

మొహం మీది దుప్పటి తొలగించగానే, నాలుగు రోజులుగా తన గుమ్మంలో నిలబడి ఒక్క కోటు కోసం బతిమాలిన మనిషి ఆ పాల వ్యాను డ్రైవరేనని అక్కకి తెలిసింది.