గడప ఇవతలి డాక్టరమ్మ

“భయాన్ని తరమకండి. వచ్చిందా? రానివ్వండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఒంట్లో ఎక్కడుందో చూడండి.”

“గుండెల మీద ఉంది డాక్టరమ్మా, బండరాయి పెట్టినట్టు,” అంది ఫోన్లో పెద్దావిడ. “మీకెప్పుడైనా ఇలా అయిందా?”

డాక్టరమ్మ మాట మార్చింది. “ఇది మీకోసం పెట్టుకున్న గంట. నా సంగతెందుకు?” అంది.

ఎందుకంటే, ఆ సంగతి బయటపడితే ఒక్క పేషెంటూ మిగలడు గనక! ఇల్లు కదలలేనివాళ్లకు ధైర్యం చెప్పే ఈ మహాతల్లి, తను గడప దాటి ఏళ్లయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

ఒకనాడు నడిరోడ్డు మీద కళ్లు తిరిగి పడిపోయింది. కళ్లు తెరిస్తే చుట్టూ జనం, పైనుంచి వంగి చూస్తున్న ముఖాలు. పరీక్షలన్నీ చేసి ఒంట్లో ఏ జబ్బూ లేదన్నారు. లేకపోతే మరి తలుపు తీయగానే కాళ్లెందుకు చచ్చుబడతాయి? ముందు బజారు మానేసింది. తర్వాత వీధి చివరి కొట్టు. ఆ తర్వాత మెట్లు కూడా.

అంతకుముందు ఆమె స్కూల్లో పిల్లలకు కౌన్సెలర్. ఆ చదువుకు ఈ వైద్యాన్ని జోడించింది. ఊపిరిని గమనించడం, భయాన్ని ఎరుకతో చూడటం, వద్దనిపించిన పనినే కొంచెం కొంచెంగా చేయడం. కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకున్నదంతా నిజానికి తనకోసమే. ఊపిరి దాకా బాగానే సాగింది. ఆ వద్దనిపించిన పని దగ్గర బండి ఆగిపోయింది. ఊళ్లోవాళ్లకు మాత్రం ఫోన్లోనే నయమైపోతోంది!

మొగుడు పల్లెత్తు మాట అనడు. అదే ఇంకా బాధ. తిట్టినా బాగుండేది. మొన్న కూతురు స్కూల్లో “మా అమ్మ ఊళ్లో లేదు” అని చెప్పిందట. ఆ మాట తెలిసిన రోజు డాక్టరమ్మ స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చింది. ఇలాగే ఉంటే ఆ పిల్లకు నిజంగానే తల్లి లేనట్టే.

ఈ పెద్దావిడ కేసు తెచ్చింది కూడా మొగుడే. “మా ఆఫీసులో ఒకతని అత్తగారు. మన వెనక వీధే. గుమ్మం దాటదట. నువ్వే చూడాలి,” అన్నాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. డాక్టరమ్మ సగం చెప్పేసరికి మిగతా సగం తనే అందుకునేది. తన హస్తవాసి అంత గొప్పదని డాక్టరమ్మ మురిసిపోయింది.

ఇవాళ పెద్దావిడ సందు మొగలోని బస్టాపు దాకా నడవాలి. అదీ ఒప్పందం.

“గేటు దాటాను డాక్టరమ్మా.”

“శభాష్! అరికాళ్ల కింద నేల తెలుస్తోందా?”

“తెలుస్తోంది. బస్టాపు ఎదుటే ఉంది, కానీ కాళ్లు కదలట్లేదు. అయ్యో, కదలట్లేదమ్మా!”

“పర్లేదు, వెనక్కి వెళ్లిపోండి. రేపు చూద్దాం.”

“వెనక్కీ పోలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా పని. మీ ఇల్లు బస్టాపుకి దగ్గరేగా, ఒక్కసారి రండి తల్లీ.”

“నాకు... ఇంకో పేషెంటు ఉన్నారండీ.”

“నడిరోడ్డు మీద నిలబడ్డానమ్మా. అందరూ నన్నే చూస్తున్నారు!”

ఆ మాటకు డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. పైనుంచి వంగి చూసే ముఖాలంటే ఏమిటో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఎవరినైనా పంపుదామంటే ఇంట్లో నరపురుగు లేదు. తలుపు తీసింది. తన చెప్పులెక్కడున్నాయో తనకే తెలియదు. మొగుడి చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

“వస్తున్నారా? ఎక్కడిదాకా వచ్చారు?”

“మెట్ల మీద...”

“అరికాళ్లకేం తెలుస్తోంది?”

“చెప్పులు... పెద్దవి. జారుతున్నాయి.”

“ఊపిరి?”

“ఆడట్లేదండీ!”

“ఆడకపోతే మాటెలా వస్తుంది? చూడండి, ఆడుతోంది.”

అది తను చెప్పాల్సిన మాట. ఎవరు ఎవరికి చెబుతున్నారో చూసుకునే తీరిక ఆమెకు లేదు. వీధిలో ఎండ కళ్లల్లో పొడిచింది. పక్కనుంచి కారు హారన్ కొడితే గోడకు అతుక్కుపోయింది. ఇంట్లోకి పారిపోవాలని ఒళ్లంతా మొత్తుకుంటోంది.

“భయమేస్తోంది,” అనేసింది, సిగ్గు విడిచి.

“వేయనివ్వండి. దాన్నీ వెంటబెట్టుకు రండి. నేనిక్కడే ఉన్నా.”

“కదలకండి అక్కణ్ణుంచి! మీకోసమే వస్తున్నా, తెలిసిందా?” అని ఏడుస్తూనే కసురుకుంది. చెప్పులు ఈడ్చుకుంటూ, గోడలు పట్టుకుంటూ నడిచింది. కిరాణా కొట్టతను చూశాడు. చూస్తే చూశాడు. ఇస్త్రీ బండి దాటింది. సందు మొగ వచ్చింది. బస్టాపు వచ్చింది.

బెంచీ మీద ఒక నెరిసిన జుట్టావిడ కాలు మీద కాలు వేసుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. చేతిలో వణుకు లేదు, ముఖాన చెమట లేదు. డాక్టరమ్మను చూడగానే ఫోన్ పక్కన పెట్టేసి, కళ్లు తుడుచుకుని మంచినీళ్ల సీసా మూత తీసి అందించింది.

“ముందు తాగండి. ఎంత దూరం వచ్చారో చూశారా!”

డాక్టరమ్మ గటగటా తాగింది. తిరిగి చూస్తే తన ఇల్లు ఎక్కడో వెనక, ఇంత చిన్నగా కనిపించింది. తను బయట ఉంది! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది.

“కాళ్లు కదలట్లేదన్నారు? అందరూ చూస్తున్నారన్నారు? నా ప్రాణాలు తోడేశారు కదండీ! అసలు ఎవరు మీరు?”

“మీ ఆయన మీకోసం కుదిర్చిన థెరపిస్టునమ్మా.”