వాడి వాటా

"అంతా తాగాడా?" అతను గదిలో అడుగు పెట్టకముందే అడిగింది ఆమె.

"చుక్క మిగల్చలేదు," అన్నాడు అతను. ఖాళీ సీసా కడిగి కిటికీలో బోర్లించాడు.

ఆమె మొహం విప్పారింది. ఆమె స్కూల్లో సైన్సు టీచరు. మొక్కలు తమ తిండి తామెలా తయారుచేసుకుంటాయో ఏటా పిల్లలకు చెప్పే పాఠం ఇప్పుడు భర్తకు అప్పజెప్పింది.

"మొక్కయితే ఎండలో పెడితే చాలు, దాని వంట అదే చూసుకుంటుంది. మీ సుపుత్రుడికి మాత్రం వంటమనిషిని నేనే."

నెలలు నిండకముందే కాన్పయింది. పసివాళ్లను ఉంచే అద్దాల పెట్టెలు కింది అంతస్తులో ఉన్నాయి. ఈమెకు రక్తం బాగా పోయింది, బీపీ ఎంతకీ దిగడం లేదు. మంచం దిగనివ్వొద్దని, మనసు కష్టపెట్టొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకే పూటపూటకూ పాలు పిండి ఇవ్వడం ఆమె వంతు, కిందికి పట్టుకెళ్లడం అతని వంతు అయింది.

గుడ్డు వాసనే గిట్టని మనిషి ముక్కు మూసుకుని రెండేసి మింగేది. పాలు పడాలి కదా అంటూ తల్లిని అడిగి మరీ ఇంకో ముద్ద పెట్టించుకునేది. ఆ తల్లి పెట్టి, గిన్నెలు కడిగే వంకతో బయటికి పోయేది.

ముక్కు ఎవరిది, కళ్లు తెరిచాడా, ఏడుపు గట్టిగా ఉందా అని ఒకటే ఆరాలు. అతను తడుముకుంటూ ఏదో ఒకటి చెప్పేవాడు. పేరు సంగతి ఎత్తితే మాత్రం, నువ్వు లేచాక చూద్దాంలే అనేవాడు.

ఆ రోజు డాక్టరమ్మ బీపీ చూసి, రేపటి నుంచి చక్రాల కుర్చీలో కూర్చోవచ్చంది. ఆవిడ అటు వెళ్లగానే ఆమె దువ్వెన అడిగి తల దువ్వుకుంది.

సీసా అతని చేతికిస్తూ, "రేపు నేనే వచ్చి పట్టిస్తానని చెప్పండి వాడికి," అంది.

అతను తలూపాడు. మెట్ల మలుపులో కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత దిగాడు.

నర్సు చెంచాతో పాలు పట్టింది. పాలు పోసే ముక్కు గొట్టం తీసేసిన దగ్గర్నుంచి బిడ్డ ఆబగా తాగుతోంది. చివరి చుక్క దాకా అతను కదల్లేదు.

పక్కన నిలబడ్డ మనిషి అతని రెండు చేతులూ పట్టుకుని, "పోయిన మీ బాబు పాలతో మా పాప బతికిందన్నా, రేపు పొద్దున్నే ఇంటికి తీసుకెళ్లిపోతున్నాం," అన్నాడు.