పెద్దమ్మ లాప్‌టాప్

"డ్రైవ్ కొత్తదే అక్కా. లాప్‌టాపే మొండికేసింది" అంటూ పూలచొక్కావాడు దాన్ని బల్ల మీద పడేశాడు. పెట్టలేదు, పడేశాడు.

మెకానిక్ వెంటనే దాన్ని ముట్టుకోలేదు. కాసేపు చూస్తూ ఉండిపోయింది. మూత మీద ఏదో స్టిక్కర్‌ను బ్లేడుతో గీకేసిన గీతలు. అంచుల్లో నల్లటి జిడ్డు. తెరిస్తే కీబోర్డు సందుల్లో సిగరెట్ బూడిద, కొరికి ఉమ్మిన గోళ్ల ముక్కలు. 

"ఎవరిదిది?" అంది.

"మా పెద్దమ్మది. పాపం, పోయిన నెలే పోయింది. పోతూ పోతూ నా చేతిలో పెట్టింది."

బైకు తాళంచెవి చెవిలో పెట్టి తిప్పుకుంటూ చెప్పాడీ మాట. తాళంచెవి బయటికి తీసి, కొసకు అంటినదాన్ని ఆమె బల్ల అంచుకే తుడిచాడు. ఛీ అనుకుంది. నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి గానీ మింగేసింది.

ఆ వీధిలో లాప్‌టాప్ కొట్లకు కొదవ లేదు. కానీ ఈ మోడల్‌కు కొత్త డ్రైవ్ పట్టించడం అందరి వల్లా అయ్యే పని కాదు. చేతులు కాల్చుకున్నాక ప్రతి కొట్టువాడూ చివరికి ఆమె దగ్గరికే పంపిస్తాడు. పూలచొక్కావాడు కూడా నాలుగు గడపలు తొక్కే ఇక్కడికి వచ్చాడు.

"కాస్త తొందరగా కానీ అక్కా. సాయంత్రం కొనేవాడొస్తున్నాడు."

"పెద్దమ్మ ఇచ్చింది అప్పుడే అమ్మేస్తున్నారా?"

"ఉంచుకుని ఏం చేసుకోను? పక్కలో పడుకోబెట్టుకుని జోకొట్టనా?" అని పకపకా నవ్వాడు.

ఆమె అడుగు మూత విప్పింది. లోపల కొత్త డ్రైవ్ ఉంది. దాన్ని బిగించే స్క్రూ మాత్రం లేదు. ఆ చోట నమిలి అతికించిన చూయింగ్ గమ్ ముద్ద ఉంది. దాని మీద పంటి గుర్తులు కూడా చెరగలేదు.

"స్క్రూ ఎక్కడో పడిపోయింది. ఎలా ఉంది మన బుర్ర?"

"పాదరసం" అంది మెకానిక్.

పట్టకారుతో లాగితే అది తీగలు తీగలుగా సాగింది. ఎన్నో ఏళ్లుగా ఆమె లాప్‌టాపులు విప్పుతోంది. లోపల కాపురాలు పెట్టిన బొద్దింకల్ని చూసింది. పాలు ఒలికి మురిగిన కంపూ భరించింది. ఏదీ ఇంత రోత పుట్టించలేదు.

కొత్త డ్రైవ్‌ను వెలుగుకు తిప్పి చూసింది. కొసన ఒకే గాటు ఉంది.

"ఇది కొత్త రకం. మీ లాప్‌టాప్ రెండు గాట్లున్న పాత రకాన్నే గుర్తుపడుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఇదీ అందులో దూరుతుంది, బుద్ధిగా కూర్చుంటుంది. కానీ లాప్‌టాప్ కంటికి ఆనదు."

"అయితే ఆ రకమే పెట్టెయ్."

"ముందు డ్రైవ్ కూర్చునే స్లాట్ బాగుందో లేదో తేలాలి. మీ గమ్ము ఎందాకా పాకిందో ఏమో. ఇదివరకు ఇందులో పనిచేసినదాన్ని పెట్టి చూస్తేగానీ తప్పు దేనిదో తెలియదు. పాత డ్రైవ్ ఉందా?"

వాడు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి చీమిడి రుమాలు లాగాడు. చిల్లరతో పాటు డ్రైవ్ కూడా దానికి అతుక్కుని వచ్చింది.

"పారేద్దామనే జేబులో వేసుకున్నా. ఏవో ఫోటోలూ పాటలూ ఉంటాయి. చూశాక నలగ్గొట్టి చెత్తలో వేసెయ్."

"మీ పెద్దమ్మ పాడేదా?"

"పాడేదేమిటి, అరిచేది! ఇంటిల్లిపాదీ చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం."

మెకానిక్ చెవులు వేడెక్కాయి. "ఆ పాటలు ఇంకెక్కడైనా దాచారా?"

"దాచడానికి అవేమన్నా బంగారమా?"

ఆమె డ్రైవ్ అందుకుంది. ఈ వేలెడు ముక్క చచ్చిపోయి ఉంటే ఆ గొంతు లోకంలో ఇంకెక్కడా వినపడదు. స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో డ్రైవ్ కొసను తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. స్లాట్‌లో గమ్ము నలుసు కూడా మిగలకుండా తీసింది. డ్రైవ్‌ను కూర్చోబెట్టి, తన డబ్బాలోంచి స్క్రూ ఏరి బిగించింది. లాప్‌టాప్ ఆన్ చేసింది.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది.

"చచ్చిందిలే. మంచిదే, నలగ్గొట్టే పని తప్పింది" అని పూలచొక్కావాడు ఆవలించాడు.

నోరు ముయ్యమన్నట్టు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అంతలో తెర వెలిగింది. ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో ఒక ముసలావిడ నవ్వుతూ కనిపించింది.

"స్లాట్ బాగానే ఉంది" అంది మెకానిక్.

"అదిగో మా పెద్దమ్మ! నన్ను చంకనేసుకుని పెంచిన తల్లి!" పూలచొక్కావాడు రాని కన్నీళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేత్తోనే తెర మీద టకటకా కొట్టాడు. ముసలావిడ చెంప మీద జిడ్డు మరక పడింది. "ఇక్కడే వచ్చింది చిక్కంతా. లోపలికి పోవాలంటే వేలు పెట్టమంటుంది. పోయినావిడ వేలు ఎక్కణ్ణించి తెమ్మంటావక్కా?"

తన పరాచికానికి తనే కిచకిచా నవ్వుకున్నాడు.

మెకానిక్ మెత్తటి గుడ్డ తీసుకుని ముందు ఆ మరక తుడిచింది. తర్వాత తన చేతులు శుభ్రంగా తుడుచుకుంది.

ఆమె తన చూపుడువేలు వేలిముద్ర బటన్‌కు ఆనించగానే, తన అమ్మ ఫోటో పక్కకు జరిగి, లాప్‌టాప్ తెరుచుకుంది.