లైసెన్సు లేని తుపాకి

"ట్రిగ్గర్ గుంజకు బిడ్డా, మెల్లగ ఒత్తు," అన్నాడు వెంకట్రాం. "అన్నం ఉడికిందా లేదా అని మెతుకు ఒత్తి చూస్తం కద, గట్ల."

సుమలత ఊపిరి బిగబట్టి, మెతుకు ఒత్తింది. అవతలి గోడ మీది గురి కార్డుకు సరిగ్గా నడిమధ్యలో చిల్లు పడింది.

వెంకట్రాంకు ముచ్చటేసింది. ఆ వెంటనే గుబులూ పుట్టింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో రిటైరయ్యాక, భూపాలపల్లిలో ఒక పాత విత్తనాల గోదాములో ఆయన పెట్టిన రైఫిల్ క్లబ్బు అది. పోటీకి పనికొచ్చే ఎయిర్ రైఫిల్ ఒక్కటే ఉంది. రాష్ట్ర పోటీలకు దాన్నిచ్చి ఒక్కరినే పంపగలడు. ఆ ఒక్కరు ఎవరో ఆయన భార్య ప్రమీల ఎప్పుడో తేల్చేసింది. ఆమె అన్న కొడుకు మిథున్.

మిథున్‌కు నల్ల కళ్లద్దాలు, టోపీ, దళసరి జాకెట్టు, అన్నీ ఉన్నాయి. గురి ఒక్కటే లేదు. మొన్న ట్యూబులైటు పేల్చాడు. నిన్న గోడగడియారాన్ని కొట్టాడు. ఎప్పుడో ఆగిపోయిన గడియారం ఆ దెబ్బకు మళ్లీ నడవసాగింది.

సుమలత డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. వెనకా ముందూ ఎవరూ లేని పిల్లయితే ఏదో ఒకటి చెప్పి పక్కన పెట్టవచ్చు. అందుకే వెంకట్రాం మెల్లగా ఆరా తీశాడు.

"ఇంతకుముందు తుపాకి పట్టినవా?"

"చిన్నప్పటిసంది పట్టిన సార్. మా బాపుకుంది."

పక్కన గన్ను తుడుస్తున్న అజహర్ చెయ్యి ఆగింది. క్లబ్బులో మరమ్మతులన్నీ అతనివే.

"బాపు ఏం చేస్తడు?"

సుమలత నసిగింది. హాస్టల్లో కూడా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. "ఊర్లు తిరుగుతడు సార్. మానుకోట నుంచి భూపాలపల్లి దాక ఆయన తిరగని ఊరు లేదు."

"తుపాకి తోనా?"

"అది లేకుంటే ఆయనకు చెయ్యి ఆడదు."

"పోలీసా?"

"కాదు సార్. పోలీసోళ్లనే తిడతడు. ఓసారి ఠాణా ముంగటనే నిలబడి తిట్టిండు. ఎస్సై బయటికొచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డడు."

వెంకట్రాం కుర్చీ వెతుక్కున్నాడు. "సర్కారును గూడ...?"

"మస్తు తిడతడు. ఊరంత కూసోని ఇంటది."

"ఇంటికి వస్తుంటడా?"

"కోతలప్పుడు అసలే రాడు. రైతులిండ్ల వడ్లుంటయి కద సార్, వసూలుకు పోతడు."

"అడిగితే ఇస్తరా?"

"ఎట్ల ఇయ్యరు? మా తాతకు గూడ ఇచ్చిన్రు. గా తుపాకి తాతదే."

వెంకట్రాం గొంతు తగ్గించాడు. "మరి... దానితోని ఎంతమందిని...?"

"గా లెక్క ఊరికొకటి చెప్తడు సార్."

"దానికి లైసెన్సు?"

"దానికెందుకు సార్ లైసెన్సు!" అని తేలిగ్గా అనేసి, సుమలత సంచీ భుజాన వేసుకొని వెళ్లిపోయింది.

అజహర్ చేతిలో గుడ్డ కింద పడింది. "సార్, సమజైందా? తుపాకి, ఊర్లు, వసూళ్లు!"

"అడవిల అన్నలందరు లొంగిపోయిన్రు అంటున్నరు కదరా?"

"అందరు అంటే అందరా సార్? మీ ప్లాంటుల అందరు డ్యూటీ చేస్తుండిరా?"

వెంకట్రాం లేచి గోదాము తలుపుకు గొళ్లెం పెట్టి వచ్చాడు.

ఎంపిక నాటి పొద్దున సుమలత వచ్చీ రాగానే చెప్పింది. "మా బాపు వస్తనన్నడు సార్. మిమ్ముల కలిసిపోతడట."

"నన్నెందుకు?" అన్నాడు వెంకట్రాం.

ప్రమీల ముందు వరుసలో లడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పోటీ మొదలైంది. సుమలత పెల్లెట్లన్నీ నడిమధ్యన గుంపుగా దిగాయి. మిథున్ పెల్లెట్లలో కొన్ని కార్డుకు తగిలాయి. వాటిలో రెండు అతని కార్డుకే తగిలాయి.

"లైటు మంచిగ లేదయ్యా," ప్రమీల మొగుడి చెవిలో గొణిగింది. "మళ్ల పెట్టు. పోరన్ని పంపకుంటే మా అన్నకు నా మొఖమెట్ల చూపెట్టాలె?"

వెంకట్రాం అటు పిల్ల కార్డును చూశాడు. ఇటు లడ్డూల డబ్బాను చూశాడు. లేచి, గొంతు సవరించుకున్నాడు. "లైటు మంచిగ లేదు గనుక..."

అజహర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్! వచ్చిండు! గేటు కాడున్నడు! టోపీ, బూట్లు, భుజాన తుపాకి!"

"మొఖం చూసినవా?"

"తుపాకి చూసినంక మొఖమెవడు చూస్తడు సార్!"

"...లైటు మంచిగ లేకున్నా గింత మంచిగ కొట్టింది గనుక, సుమలత!" వెంకట్రాం ఒక్క గుక్కలో ముగించాడు. "రైఫిలు నీదే తల్లీ. ఆ జాకెట్టు గూడ తీస్కో."

"అది నాది మామా!" అన్నాడు మిథున్.

"ఇయ్యిరా! పాణం కన్న ఎక్కువనా!" వెంకట్రాం ప్రమీల ఒళ్లోంచి డబ్బా లాక్కొని అదీ సుమలత చేతిలో పెట్టాడు.

"నీకేం పుట్టిందయ్యా!" ప్రమీల అరుస్తూనే ఉంది. బయట బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. సుమలత రైఫిల్‌ను గుండెకు హత్తుకొని గుమ్మం వైపు ఉరికింది.

"బాపూ! నన్నే పంపుతున్నరే!"

వెంకట్రాం గట్టిగా కళ్లు మూసుకొని, రెండు చేతులూ పైకెత్తాడు. "నీ బిడ్డకే ఇచ్చిన అన్నా! ఎవల బలవంతం లేదు, నా ఇష్టంతోనే ఇచ్చిన!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గోదామంతా నవ్వింది. అజహర్ కూడా నవ్వుతున్నాడు. వెంకట్రాం ముందు ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది.

ఎదురుగా కర్ర తుపాకితో సెల్యూట్ కొడుతున్నాడు, ఊరూరా గొప్పలు చెప్పి నవ్వించే పిట్టలదొర.