అమ్మ గొంతుకు పద్నాలుగు వోల్టులు

"పాటలు కాస్త తగ్గించుకుని వింటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మేస్త్రీ, ట్రక్కు బానెట్‌లోంచి తల ఎత్తకుండానే.

క్యాబిన్ వెనక బిగించిన స్పీకరు పెట్టె చూసినప్పటి నుంచి ఆయనకు ఒళ్ళు మండుతోంది. చిన్న బీరువాంత ఉంది. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళకు వైరింగు చేస్తున్న మనిషికి కుర్రాళ్ళ ఈ మోతలంటే గిట్టదు. మిట్టమధ్యాహ్నం, అన్నానికి లేవబోతుండగా వచ్చి పడ్డాడు ఈ డ్రైవరు.

"పాటలు కాదండీ. వెనక పిల్లది ఉంది. వాళ్ళమ్మ గొంతు వినపడకపోతే పాలు ముట్టదు."

మేస్త్రీ తల బయటికి తీశాడు.

"వాళ్ళమ్మేదీ?"

"పోయిందండీ. రైలు పట్టాలు దాటుతుంటే..." డ్రైవరు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ముందెప్పుడో ఒకాయన ఆ గొంతు రికార్డు చేసి ఉంచాడు. అదే వేస్తున్నాం. గంటసేపు బాగానే వస్తుంది, ఆ తర్వాత యాంప్లిఫయరు టప్పున ఆగిపోతుంది. పొద్దున ఆరింటి నుంచి ఒక్క గుటక లేదు."

"నీ కూతురా?"

"కన్నవాణ్ణి కాదండీ. నేనూ మా ఆవిడా పెంచుతున్నాం. అంతకంటే తక్కువేం కాదు."

"ఎన్నో నెల?"

"ఐదో నెల."

మేస్త్రీ మనవరాలిదీ ఐదో నెలే. పూట పాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తుంది. అన్నం క్యారియరు బల్ల కిందికి నెట్టి మీటరు అందుకున్నాడు.

"ఏడవట్లేదేం?"

"ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. మా ఆవిడ దాని దగ్గరే కూర్చుంది."

"క్యాబిన్‌లో ఒళ్ళో పెట్టుకోవచ్చుగా?"

"ఎక్కడండీ! ఏది కనబడితే అది పట్టుకు లాగుతుంది. స్టీరింగు తిప్పనివ్వదు. అందుకే వెనక మెత్తగా గడ్డి పరిచాం."

"గడ్డేమిటయ్యా, పరుపు వెయ్యక!"

"వేశామండీ. ఒక్కరోజులో చింపి పోగులు పెట్టింది."

"గడుగ్గాయే!" మేస్త్రీకి నవ్వొచ్చింది. మీటరు ముళ్ళు బ్యాటరీకి ఆనించాడు. ఇంజను నడుస్తూనే ఉంది, అంకె మాత్రం పన్నెండున్నర వోల్టుల దగ్గర కూర్చుంది.

"దారిలో ఇద్దరికి చూపించాం. బ్యాటరీకి ఛార్జింగిచ్చే ఆల్టర్నేటరు పోయిందని ఒకాయన కొత్తది వేశాడు. అయినా అంతే."

"పాతదానికీ రోగం లేదు, కొత్తదానికీ లేదు. ఈ కాలం బళ్ళలో పెత్తనమంతా కంప్యూటరుది. బ్యాటరీ నిండిందనుకోగానే డీజిల్ ఆదా అంటూ ఛార్జింగు తగ్గించేస్తుంది. నీ యాంప్లిఫయరు ఆకలో అంటున్నా దానికి వినపడదు. దానికి తోడు ఈ తీగ చూడు, దారప్పోగు! ఉన్న కరెంటూ దారిలోనే సగం హరీ."

ఆయన లావు తీగ తెచ్చి బ్యాటరీ నుంచి యాంప్లిఫయరుకు లాగాడు. ఎర్తు బిగించే చోట రంగు గీకి, ఇనుము తళతళలాడాక నట్టు వేశాడు. చేతులు తీగ మీద ఉన్నా చెవులు మాత్రం పిల్లది పడుకున్న వెనక వైపే ఉన్నాయి.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"వాళ్ళ పిన్నులూ పెద్దమ్మలూ ఉండే చోటికండీ. ఇంకా ఏడు గంటల దారి. పాలు తాగకపోతే అంతవరకూ నిలవదన్నారు డాక్టరుగారు."

"వాళ్ళు చేరదీస్తారా?"

"అంతా ఆడవాళ్ళే కదండీ. పసిదాన్ని చూస్తే వదలరు."

"సరే, హెడ్‌లైట్లు వెయ్యి."

"పట్టపగలా?"

"వెయ్యవయ్యా! లైట్లు వెలిగితే కంప్యూటరు పిసినారితనం మానుతుంది."

డ్రైవరు స్విచ్చి తిప్పాడు. అంకె పదమూడు దాటి, పద్నాలుగుకు ఎక్కి, అక్కడే నిలబడింది.

"ఏడు గంటలూ అలాగే ఉంచు. ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు, లైట్లు అని చెయ్యి ఆడిస్తాడు. నువ్వూ నవ్వుతూ చెయ్యి ఊపు. ఆర్పావో, మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పుడు ఆ గొంతు వెయ్యి."

డ్రైవరు బటను నొక్కాడు. మేస్త్రీ చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ లేదు. బానెట్ అంచున పెట్టిన స్పానరు మాత్రం సన్నగా వణుకుతోంది.

"ఏదీ? రాలేదే!" మేస్త్రీ తీగ బిగింపు మళ్ళీ చూశాడు. "నాకేం వినపడట్లేదు."

"మీకు వినపడకపోయినా పర్లేదండీ. అంత లోతు గొంతు మన చెవికి ఆనదు, దానికి ఆనితే చాలు."

లోపలి నుంచి డ్రైవరు భార్య కేక వినిపించింది. "లేచింది! ఏమండీ, తాగుతోంది! రెండో సీసా కలపండి!"

డ్రైవరు నేల మీదే కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. మేస్త్రీ చెమట తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ గొంతుకు తాను తీగ లాగానన్న సంతోషంతో ఆయనకు ఆకలే గుర్తురాలేదు.

"ఒక్కసారి చూడొచ్చా?"

"తలుపు తీస్తే బెదురుతుందండీ. ఆ గాలి సందులోంచి వేలు పెట్టండి. నచ్చితే పట్టుకుంటుంది."

మేస్త్రీ గ్రీజు పోయేదాకా వేలు తుడిచాడు. ఇంట్లో మనవరాలి ముందు పెట్టినట్టే, గోనెపట్టా పక్కకు జరిపి మెల్లగా లోపలికి చాపాడు.

పిల్లది ఆయన వేలు పట్టుకుంది, తొండంతో.